మీ రిజిస్టర్‌లో కనబడని ఆటిజం: చెన్నై డే కేర్ సెంటర్ల నిర్వాహకులకు బహిరంగ లేఖ

చెన్నైలో పద్దెనిమిదేళ్ళు దాటిన మేధో వైకల్యం ఉన్నవారి కోసం డే కేర్ సెంటర్లు, వృత్తి శిక్షణ కేంద్రాలు, హోములు నడుపుతున్న పెద్దలందరికీ నమస్కారం.

ఈ ఉత్తరం తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మీలో కొందరు తెలుగువాళ్ళే. మీ దగ్గరికి వచ్చే పిల్లల్లో కూడా (నలభై ఏళ్ళొచ్చినా మనకి వాళ్ళు పిల్లలే కదా) పెరంబూరు, విల్లివాక్కం, షావుకారుపేట, అంబత్తూరు వైపు తెలుగు ఇళ్ళ నుంచి వచ్చేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ అమ్మానాన్నలు చదివినా నాకు సంతోషమే. తమిళంలో ఎవరైనా దీన్ని తిరగరాసి పంచుకుంటే ఇంకా సంతోషం.

నేను అడిగేది చిన్న పని. మీ దగ్గర ఉన్న పెద్దవాళ్ళలో మేధో వైకల్యంతో పాటు ఆటిజం (ఎదుటివాళ్ళతో కలవడం, శబ్దాలనీ మార్పుల్నీ తట్టుకోవడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) కూడా ఉన్నవాళ్ళెవరో ఒకసారి చూడండి. వాళ్ళ తల్లులు బతికి ఉండగానే చూడండి. తల్లుల మాట ఎందుకు తెచ్చానో కిందికెళ్ళాక మీకే అర్థమవుతుంది.

ముందు లెక్కలు. పెద్దవాళ్ళలో ఆటిజం ఎంతమందికి ఉందని పట్టుబట్టి లెక్క తీసిన దేశాల్లో ఇంగ్లండ్ ముందుంది. 2007లో అక్కడ పెద్దవాళ్ళ మానసిక ఆరోగ్యం మీద జాతీయ సర్వే చేశారు. మామూలు ఇళ్ళలో ఉంటున్న పెద్దవాళ్ళలో సుమారు ఒక శాతం మందికి ఆటిజం ఉందని తేలింది. ఆ సర్వేలోకి హోముల్లో ఉండేవాళ్ళు రాలేదు, మాట రానివాళ్ళు రాలేదు. అంటే అసలు ఎవర్ని చూడాలో వాళ్ళే మిగిలిపోయారు. 2010లో ఎమర్సన్, బెయిన్స్ అనే ఇద్దరు పరిశోధకులు అంతకుముందు వచ్చిన అధ్యయనాలన్నీ దగ్గర పెట్టుకుని ఒక అంచనా వేశారు. స్థానిక కౌన్సిళ్ళ సేవలు అందుకుంటున్న మేధో వైకల్యం గల పెద్దవాళ్ళలో 20 నుంచి 33 శాతం మందికి ఆటిజం కూడా ఉంటుందని. ఆ తర్వాత 2007 సర్వేలో ఆటిజం లెక్క తీసిన బ్రూగా అనే పరిశోధకుడి బృందమే మళ్ళీ బయల్దేరి, ఈసారి హోములకీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ళున్న ఇళ్ళకీ వెళ్ళి మనుషుల్ని నేరుగా పరీక్షించింది. 2012లో ఆ ఫలితాలు వచ్చాయి. దాదాపు మూడో వంతు మందికి ఆటిజం ఉంది. ఒక శాతం ఎక్కడ, మూడో వంతు ఎక్కడ!

ఇంగ్లండ్ లెక్క చెన్నైకి అచ్చు గుద్దినట్టు సరిపోతుందని నేను అనను. కానీ వైకల్యం ఎంత తీవ్రంగా ఉంటే ఆటిజం అంత ఎక్కువగా ఉంటుందన్నది పాత సంగతే. 1979లోనే లోర్నా వింగ్, జుడిత్ గౌల్డ్ లండన్‌లో కాంబర్‌వెల్ ప్రాంతపు పిల్లల్ని చూసి చెప్పిన మాట అది. పైగా మీ సెంటర్లకి వచ్చేది ఎవరు? కాస్త తేలికపాటి వైకల్యం ఉన్నవాళ్ళు ఏ కొట్లోనో, బంధువుల దగ్గరో ఏదో ఒక పనిలో కుదురుకుంటారు. మీ దాకా వచ్చేది అంతకన్నా ఎక్కువ సాయం కావలసినవాళ్ళే. కాబట్టి ఇక్కడ శాతం తగ్గుతుందని అనుకోవడానికి నాకైతే కారణం కనబడలేదు.

ఒక సెంటరులో 40 మంది ఉన్నారనుకుందాం. 20 నుంచి 33 శాతం అంటే 8 నుంచి 13 మంది. మీ రిజిస్టర్ తెరిచి చూడండి, వైకల్యం అనే గడిలో ఆటిజం అని ఎంతమందికి రాసుంది? మా తమ్ముడు వెళ్ళే చోట ఇద్దరికి ఉంది. ఇద్దరూ పాతికేళ్ళ లోపువాళ్ళే. ముప్ఫై అయిదు దాటినవాళ్ళలో ఒక్కరి పేరు ఎదురుగా కూడా లేదు. ఆటిజం వయసుతో పాటు మాయమైపోయే జబ్బు కాదు కదా, మరి ఏమైనట్టు?

ఆ తేడాకి కారణం చట్టంలో దొరుకుతుంది. 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు వైకల్యాలే ఉన్నాయి. చూపు లేకపోవడం, చూపు మందగించడం, కుష్ఠు నయమైనవారు, వినికిడి, కదలిక, బుద్ధిమాంద్యం, మానసిక వ్యాధి. ఆటిజం ఊసే లేదు. ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ళ బాగోగుల కోసం వచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టంలో పేరు వచ్చింది గానీ, దాన్ని కొలిచి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతిని కేంద్రం ప్రకటించింది 2016 ఏప్రిల్‌లో. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం వైకల్యాలని 21కి పెంచి, ఆటిజాన్ని అందులో చేర్చింది. మరి 1990లలో, 2000లలో మెడికల్ బోర్డు ముందు నిలబడ్డ పిల్లవాడికి డాక్టరు ఏం రాయగలడు? ఉన్న ఏడు గళ్ళలో దగ్గరగా ఉన్నది బుద్ధిమాంద్యం (ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నది) ఒకటే. అదే రాశాడు. ఆయన తప్పేం లేదు. తర్వాత వైకల్య గుర్తింపు స్మార్ట్ కార్డు వచ్చినా, చాలామందికి పాత సర్టిఫికెట్‌లో ఉన్నదే కార్డు మీదికి ఎక్కింది. 2011 జనాభా లెక్కల్లో కూడా ఆటిజానికి విడిగా గడి లేదు. పిల్లల మీదైతే అధ్యయనాలు వచ్చాయి. అయిదు చోట్ల పిల్లల్ని పరీక్షించి 2018లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో మన హైదరాబాదు కూడా ఉంది. అందులో చూసింది తొమ్మిదేళ్ళ లోపు పిల్లల్ని. నలభై ఏళ్ళవాడి సంగతి ఎవరికీ పట్టలేదు.

మా తమ్ముడి సంగతి కొంచెం చెప్పాలి. వాడికిప్పుడు 41. నాన్న రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌ కర్మాగారంలో పనిచేసేవారు, మేం అక్కడి క్వార్టర్స్‌లోనే పెరిగాం. వాడి సర్టిఫికెట్ పాత చట్టం నాటిది, బుద్ధిమాంద్యం అని శాతంతో సహా ఉంటుంది. దాని వెనక బినే-కామత్ పరీక్ష, వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేలు ఉన్నాయి. ఆ రెండూ ఒక మనిషి ఎంత చేయగలడో చెబుతాయి. అంకెలు ఎక్కడిదాకా వచ్చు, చొక్కా గుండీలు పెట్టుకుంటాడా, ఒక్కడే కొట్టుకి వెళ్ళొస్తాడా అని. ఎదుటి మనిషితో ఎలా మసలుతాడు, శబ్దం వినబడితే ఏమవుతాడు, అనుకున్న వరస తప్పితే ఏం చేస్తాడు అనేవి ఆ కాగితంలో ఉండవు.

రెండేళ్ళ కిందట ఒక సైకాలజిస్టు మా అమ్మని కూర్చోబెట్టి గంటసేపు మాట్లాడింది. అదృష్టం కొద్దీ ఆవిడకి తెలుగు వచ్చు. చిన్నప్పుడు వాడికేమైనా కావాలంటే ఎలా అడిగేవాడమ్మా అంది. మా అమ్మ ఏమాత్రం ఆలోచించకుండా చెప్పింది. "వేలు పెట్టి చూపించడం ఎరగడమ్మా. నా మణికట్టు పట్టుకుని లాక్కెళ్ళి బీరువా హ్యాండిల్ మీద పెట్టేవాడు. నా మొహం వైపు మాత్రం చూసేవాడు కాదు. నేను మనిషినో, తాళం చెవినో వాడికి తెలిసేది కాదనిపించేది." ఇంకా చెప్పింది. మూడు చక్రాల సైకిలు కొనిస్తే తొక్కకుండా తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చోవడం, తమిళుల ఆడిమాసంలో అమ్మవారి గుడి మైకు మొదలవగానే మంచం కిందికి దూరడం, ఇడ్లీ ముక్క విరిగి ఉంటే పళ్ళెం తోసెయ్యడం. అన్నీ నిన్న జరిగినట్టు చెప్పింది. నలభై ఏళ్ళుగా ఆవిడ తలలో ఉన్నవే అవి. అడిగినవాళ్ళు లేక బయటికి రాలేదు.

అందుకే తల్లుల మాట ముందే ఎత్తాను. మాట సరిగ్గా రాని పెద్ద మనిషిలో ఆటిజం ఉందో లేదో తేల్చడం కష్టం. తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవాడు ఆటిజం లేకపోయినా చేతులు ఆడించవచ్చు, ఊగుతూ కూర్చోవచ్చు. డాక్టర్లు చూసేది ఏమిటంటే, ఆ మనిషి మొత్తం ఎదుగుదలకి తగినంత కూడా ఎదుటివాళ్ళతో కలవలేకపోతున్నాడా అని. నాలుగేళ్ళ పిల్లాడంత తెలివి ఉన్న పెద్దమనిషి, నాలుగేళ్ళ పిల్లాడంత చనువుగానైనా నవ్వి పలకరిస్తాడా? నలభై ఏళ్ళుగా మందులు, అలవాట్లు, అలిసిపోవడాలు అన్నీ కలిసిపోయాక ఇప్పటి మనిషిని చూసి అది చెప్పడం తేలిక కాదు. మొదటి మూడు నాలుగేళ్ళ సంగతులు కావాలి. అవి ఏ ఫైల్లోనూ లేవు, ఉన్నవి తల్లి దగ్గరే. మా అమ్మకి 74. మీ సెంటరులో ముప్ఫై అయిదు దాటినవాళ్ళ తల్లుల వయసు ఎంతో ఒకసారి లెక్క చూసుకోండి. కొందరు ఇప్పటికే లేరు. కొందరికి మతిమరుపు మొదలైంది. ఇక తెలుగు తల్లులకి ఇంకో ఇబ్బంది. తమిళంలో ప్రశ్న అడిగితే అవునమ్మా, కాదమ్మా అని ఊరుకుంటారు. బీరువా హ్యాండిల్ లాంటి ముక్క వాళ్ళ భాషలో తీరిగ్గా మాట్లాడిస్తే తప్ప రాదు.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న ఒకటుంది, నన్నూ అడిగారు. ఇప్పుడు ఇది తెలిసి ఏం లాభం, నెలనెలా వచ్చే డబ్బేమైనా పెరుగుతుందా? పెరగదు. నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య బీమా లక్ష రూపాయల దాకా మేధో వైకల్యానికీ ఉంది, ఆటిజానికీ ఉంది. గార్డియన్‌షిప్ (చట్టప్రకారం సంరక్షకుణ్ణి పెట్టడం) కూడా అంతే. కాగితం మారినంత మాత్రాన చేతికొచ్చేది పెద్దగా ఏం లేదు. అందుకే తల్లిదండ్రులు మెడికల్ బోర్డు చుట్టూ మళ్ళీ తిరగడానికి ఒప్పుకోరు, వాళ్ళని తప్పు పట్టలేం. నేను అడుగుతున్నది కాగితం కోసం కాదు. పొద్దున తొమ్మిదిన్నర నుంచి సాయంత్రం మూడున్నర దాకా మీ గదిలో ఆ మనిషి ఎలా గడుపుతున్నాడనే దాని కోసం.

లజ్ వైపు మెట్రో పనులు జరుగుతున్నప్పుడు మా తమ్ముడి వాన్ దారి మార్చారు. మార్చక తప్పదు. ఆ వారమంతా వాడు దిగగానే చెయ్యి కొరుక్కున్నాడు, ఒకరోజు ఆయాని తోసేశాడు. డైరీలో ఏం రాశారంటే "మొండిగా ఉన్నాడు, గమనించుకోండి" అని. ఇంటికొస్తే అమ్మ టెన్షన్, ఫోన్ మీద ఫోన్. చివరికి ఎవరో ఇంకో మాత్ర పెంచమని సలహా ఇచ్చారు. వాడికి జరిగింది ఏమిటంటే, రోజూ కుడివైపు కనబడే చర్చి ఆరోజు కనబడలేదు. అంతే. ఆటిజం ఉన్నవాడికి అది చిన్న విషయం కాదు. ముందురోజు సాయంత్రమే రెండు ఫోటోలు చూపించి, రేపు ఈ దారి అని చెబితే సగం గొడవ తగ్గేది. ఇప్పుడు అలాగే చేస్తున్నాం. గొడవ పూర్తిగా పోయిందని చెప్పను. ఇప్పటికీ కరెంటు పోతే తల బాదుకుంటాడు, పక్కవాళ్ళు మిక్సీ వేస్తే చెవులు మూసుకుని వరండాలో తిరుగుతాడు.

మాత్రల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇంగ్లండ్‌లో 2015లో ప్రభుత్వ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం, మేధో వైకల్యం ఉన్న పెద్దవాళ్ళలో 30,000 నుంచి 35,000 మంది రోజూ మానసిక జబ్బుల మందులు వేసుకుంటున్నారు, ఆ మందులు అవసరమైన జబ్బులు వాళ్ళకి లేకుండానే. అరుస్తున్నాడని, కొడుతున్నాడని ఇచ్చినవే అవి. మరుసటి ఏడు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ ఇంగ్లండ్ దీన్ని తగ్గించడానికి స్టాంప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన దగ్గర ఎంతమంది అలా వేసుకుంటున్నారో తేల్చవలసినవాళ్ళు తేల్చాలి. నేను చెప్పేది, మీ సెంటరులో మధ్యాహ్నం మత్తుగా తల వాల్చేసేవాళ్ళని చూసినప్పుడు ఈ ప్రశ్న కూడా మనసులో పెట్టుకోండి అని. ఎవరూ తమంతట తాము మందు ఆపకూడదు, అది డాక్టరు పని. కానీ డాక్టరుకి "గొడవ చేస్తున్నాడు" అని ఒక్క ముక్క చెప్పి పంపకండి. ఎన్నింటికి, ఏ శబ్దం తర్వాత, ఏ పని మధ్యలో ఆపినప్పుడు అన్నది రాసి పంపండి. దానికి ముందు చెవి, పంటి నొప్పి, మలబద్ధకం కూడా చూపించాలి. మాట రానివాడి పంటి నొప్పిని ప్రవర్తన కింద రాసేసిన సంగతులు మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు.

ఆడపిల్లల గురించి విడిగా చెప్పాలి. మామూలు జనాభాలో ఆటిజం మగవాళ్ళలోనే చాలా ఎక్కువ కనబడుతుంది. 2007 సర్వేలో మగవాళ్ళలో 1.8 శాతం ఉంటే ఆడవాళ్ళలో 0.2. కానీ బ్రూగా బృందం 2016లో మొత్తం లెక్క కలిపి చూసేసరికి, వైకల్యం మధ్యస్థం నుంచి తీవ్రంగా ఉన్నవాళ్ళలో ఆ ఆడా మగా తేడా అంతగా కనబడలేదు. అంటే మీ సెంటరులో మగపిల్లల్లో ఎంతమంది ఉంటే ఆడవాళ్ళలోనూ ఇంచుమించు అదే పాళ్ళలో ఉండే అవకాశం ఉంది. ఎవరిని పట్టించుకుంటాం? కొట్టేవాడిని, అరిచేవాడిని. మూల కూర్చుని చున్నీ అంచుని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెడుతూ రోజంతా గడిపే అమ్మాయిని "మంచి పిల్ల, ఏ గొడవా లేదు" అంటాం. అన్నం పెట్టినప్పుడు తినదు, నీళ్ళు కావాలని అడగదు, ఎవరూ పిలవకపోతే సాయంత్రం దాకా లేవదు. ముందుగా చూడవలసింది అలాంటివాళ్ళనే అని నా అభిప్రాయం. డౌన్ సిండ్రోమ్ ఉన్నవాళ్ళు కలివిడిగా ఉంటారు, వాళ్ళకి ఆటిజం ఉండదులే అనేది కూడా నిజం కాదు. రెండూ కలిసి ఉన్నవాళ్ళు ఉంటారు.

మాకు స్టాఫ్ లేరు, డబ్బు లేదు అంటారు. నిజమే. స్పెషల్ ఎడ్యుకేటర్లు నిలవరు, చాలా చోట్ల ఆయాలే సెంటరుని మోస్తున్నారు. అయినా నేను చెప్పే వాటిలో సగానికి పైసా ఖర్చు లేదు. పొద్దున ప్రార్థన పాటకి స్పీకరు సౌండ్ తగ్గించడం. కవర్లు అతికించే పని నుంచి లేపేముందు "ఇంకో అయిదు, తర్వాత భోజనం" అని అయిదు కవర్లు లెక్కపెట్టి ముందు పెట్టడం. వంటగది గోడకి ఆనుకుని కూర్చునేవాడికి చోటు మార్చడం, ఎందుకంటే కుక్కర్ కూత మనకి మామూలే గానీ, వాడికి చెవులు చిల్లులు పడేలా ఉంటుంది. రోజు పనులు ఫోటోలుగా గోడకి వరసగా అంటించడం. కొత్త ఆయా వస్తే మొదటిరోజే వాడి చెయ్యి పట్టుకోకుండా నాలుగు రోజులు దూరంగా కూర్చోబెట్టడం. వీటివల్ల ఆటిజం లేనివాళ్ళకి నష్టమేమీ లేదు. అలాంటప్పుడు పరీక్షలెందుకు, అందరికీ ఇలాగే చేస్తే పోలా అంటే, కొంతవరకు చెల్లుతుంది. కానీ పుట్టినరోజు పాటలు, గుంపుగా ఆటలు కొందరికి ప్రాణం, కొందరికి నరకం. ఎవరికి ఏదో తెలియకపోతే మళ్ళీ అందర్నీ ఒకే గాటన కట్టినట్టే.

ఎవరికి పడితే వాళ్ళకి ఆటిజం అని రాసెయ్యమనడం లేదు. అది ఇంకో అన్యాయం. మీరు చేయవలసింది మొదటి వడపోత మాత్రమే. తేల్చేది సైకాలజిస్టు, సైకియాట్రిస్టు. మన దేశంలో సర్టిఫికెట్ కోసం వాడే ఐసా అనే స్కేలు మన సికిందరాబాదులోని మేధో వైకల్యాల జాతీయ సంస్థలో తయారైందే. అందులో 40 అంశాలు, ఒక్కోదానికి ఒకటి నుంచి అయిదు మార్కులు. 70 గానీ అంతకు మించి గానీ వస్తే ఆటిజం ఉన్నట్టు, 153 దాటితే తీవ్రం. పెద్ద వయసువాడికి, మేధో వైకల్యం ఉన్నవాడికి ఆ మార్కుల్ని ఎలా అర్థం చేసుకోవాలో అనుభవం ఉన్నవాళ్ళే చూడాలి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ముట్టుకాడులో బహుళ వైకల్యాల కోసం కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. 2005 నుంచి ఉంది. ఒక్కో కుటుంబం ఉత్తర చెన్నై నుంచి రెండు బస్సులు మారి అక్కడికి వెళ్ళాలంటే వెళ్ళరు. పది మందిని కలిపి మీ వాన్‌లోనే, ముందుగా మాట్లాడుకుని తీసుకెళ్ళగలిగేది మీరే. వెళ్ళేముందు తల్లి చెప్పింది రాసిన కాగితం చేతిలో ఉంటే అక్కడ పని సులువవుతుంది.

ఆ కాగితం విషయంలో నేను చేయగలిగింది ఉంది. ఉత్తర చెన్నైలో మీ సెంటరుకి వచ్చే తెలుగు తల్లులతో కూర్చుని, వాళ్ళ పిల్లల మొదటి నాలుగైదేళ్ళ సంగతులు తెలుగులో మాట్లాడించి రాసిపెడతాను. ఏం అడగాలో మాకు సాయం చేసిన సైకాలజిస్టు ఒక ప్రశ్నల కాగితం ఇచ్చింది. రాసినదాన్ని తమిళంలోకో ఇంగ్లీషులోకో మార్చి మీ ఫైల్లో పెట్టుకోవచ్చు. తల్లి ఒప్పుకుంటే ఆ మాటలు ఫోన్లో రికార్డు కూడా చేద్దాం. డెబ్భై అయిదు దాటినవాళ్ళతో మొదలుపెడదాం. నాకు శనివారాలు సెలవు. మా తమ్ముడు వెళ్ళే సెంటరు మేడమ్‌కి ముందే చెప్పాను, ఆవిడ తన రిజిస్టర్‌లో ముప్ఫై అయిదు దాటినవాళ్ళ పేర్ల పక్కన పెన్సిల్‌తో టిక్కులు పెట్టడం మొదలుపెట్టింది. మీరు పెట్టాక కబురు చెయ్యండి.

ఇట్లు,
ఒక అక్క,
విల్లివాక్కం, చెన్నై